ఖేడా సీమ పాడి

గుజరాతమున మహీ, సాబర్మతీ నదుల నడుమనున్న ఖేడాజిల్లాలో, విశేషించి చరోతర్ అను సారవంతమైన మైదానమున, పొగాకుతోడను సజ్జతోడను సూరతీ గేదెయు చిరకాలముగా రైతుకుటుంబమునకు ఆధారమై యుండెను. అయినను రైలుమార్గమును శీతలయంత్రమును రాకపూర్వము పాలు ఊరు దాటుట దుర్లభమగుటచే, మిగిలినవానిని తోడుపెట్టి, చిలికి, వెన్నకాచి, నేతిని మాత్రమే సంతకు పంపెడివారు. మజ్జిగ ఇరుగుపొరుగుల పాలయ్యెడిది. పూట గడచినచో పాలు విరిగిపోవును. కొనువాడు ఆగగలడు గాని అమ్మువాడు ఆగలేడు. ఈ జిల్లా పాడి చరిత్రకెల్ల మూలము ఈ బలహీనతయే యని నా విశ్వాసము.

ఆనంద్ పట్టణమున పోల్సన్ కంపెనీ వెన్న కర్మాగారము వెలసిన పిమ్మట గిరాకి పెరిగెను. 1945లో బొంబాయి ప్రభుత్వము నగరమునకు పాలు తెప్పించు పథకమును ఆరంభించి, సేకరణాధికారమును ఆ కంపెనీకే అప్పగింపగా, లాభము కంపెనీకిని దళారులకును దక్కెనే గాని, పాలు పిదికిన ఇంటికి ధర పెరుగలేదు. రైతులు వల్లభభాయి పటేలు నాశ్రయించిరి. 1918 నాటి ఖేడా సత్యాగ్రహమున ముఖ్యపాత్ర వహించిన ఆయన, సొంత సహకారసంఘమే శరణ్యమని చెప్పి మొరార్జీ దేశాయిని పంపెను. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామమున సభ జరిగెను. తరువాత పదునైదు దినములు రైతులు పాలు పోయుట మానగా, ప్రభుత్వము దిగివచ్చెను. ఆ డిసెంబరు 14న జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము రిజిస్టరు కాగా, త్రిభువనదాస్ పటేల్ దానికి అధ్యక్షుడయ్యెను. 1948 జూనులో పని మొదలిడునాటికి, రెండు గ్రామసంఘములనుండి వచ్చినవి దినమునకు 250 లీటర్లే!

అయినను ఆ స్వల్పారంభమున గొప్ప మార్పు ఇమిడియున్నది. రెండుపూటలును వరుసలో నిలిచి పోసిన పాలలోనుండి ఒకింత గాజుగొట్టమున తీసి, గంధకికామ్లమును ఆల్కహాలును చేర్చి, యంత్రమున త్రిప్పినచో వెన్న పైకి తేలును. గొట్టముపై గీతలు చూచి శాతము చెప్పవచ్చును. ధర ఆ శాతమును బట్టియే గనుక, నీరు కలిపినవానికి అది తగ్గును. చిక్కనిపాలు పోసిన పేదకు పెద్దరైతుతో సమానమైన లెక్కయే. ఒకపూట పాలకు రొక్కము మరుపూటకే చేతికి వచ్చుచుండెను.

మరియొక చిక్కు కలదు. వానకాలము వెనుక గేదెలు ఈనుటచే చలికాలమున పాలు పొంగిపొరలును. బొంబాయి వాడుక మాత్రము పెరుగదు. మిగులుపాలను పొడిచేయుటయే మార్గము; అయితే గేదెపాలు పొడికి పనికిరావని విదేశీ నిపుణులనగా, 1949లో ఆనంద్ చేరి, పిదప సంఘమును నిర్వహించిన వర్గీస్ కురియన్ ప్రోత్సాహముతో, పాడి నిపుణుడు ఎచ్. ఎం. దలాయా దానిని సాధించి చూపెను. 1955 అక్టోబరు 31న నెహ్రూ పాలపొడి కర్మాగారమును ప్రారంభించెను. నాటినుండి మిగులుపాలు పొడియై నిలువయుండుటచే, అమ్మువాడును ఆగగల శక్తి సంపాదించెను. 1964లో కంజరి దాణా కర్మాగారమును ప్రారంభింపవచ్చిన నాటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, అజర్‌పురా గ్రామమున ఒక రాత్రి బసచేసి, ఈ పద్ధతిని దేశమంతట నెలకొల్ప సంకల్పింపగా, 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఆనంద్‌లోనే వెలసెను.

పొగాకు సొమ్ము ఏడాదికొకమారు వచ్చి అప్పులవానికే పోవుచుండగా, పాలసొమ్ము ఉప్పుకును పప్పుకును పూటపూటకు అక్కరకు వచ్చెను. ఐనను ఈ మేలు అందరకు సమముగా దక్కెననుట సత్యము కాదు. భూమిగలవాడు తన చేని మేతతో గేదెను పోషించుకొనగా, భూమిలేనివాడు గట్లవెంట గడ్డి కోసి తేవలసియుండెను; కుడితిపెట్టి, పేడతీసి, పాలు పిదుకు స్త్రీకి బదులు పెక్కుచోట్ల భర్తపేరే సంఘపు పుస్తకమున నుండెను.