గల్లీ గొంతులు: ఉపఖండ హిప్‌హాప్‌లో వినాల్సిన పది సింగిల్స్

2024 జులైలో బంగ్లాదేశ్ విద్యార్థులు ప్రభుత్వోద్యోగాల కోటాపై ఆందోళన చేస్తున్నప్పుడు రెండు రోజుల తేడాతో రెండు ర్యాప్ పాటలు విడుదలయ్యాయి. వాటిలో ఒకటి పాడిన యువకుడిని వారం రోజులకే పోలీసులు అరెస్టు చేశారు. అదే నెలలో వచ్చిన మరో ర్యాప్ పాటను కేరళలోని పొన్నానిలో చిత్రీకరించారు. కొన్ని వారాల్లోనే అది అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలోకి ఎక్కింది. ఒక పాట జైలుకు, ఇంకొకటి ప్రపంచ వేదికకు దారి తీశాయి. దక్షిణాసియా హిప్‌హాప్ నేడు ఈ రెండు కొసల మధ్య నడుస్తోంది.

ప్రతి శుక్రవారం కొత్త ర్యాప్ పాటలు వచ్చి పడుతున్న ఈ రోజుల్లో ఏది వినాలో తేల్చుకోవడం కష్టం. ఈ సంగీతం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పాటలు దాన్ని మలుపు తిప్పాయి అన్నది తెలిస్తే కొత్త పాటను తూకం వేయడం తేలికవుతుంది. అందుకు పనికొచ్చే పది సింగిల్స్ ఇవి.

సింగిల్ అంటే ఏమిటి?

తెలుగులో ‘ఫస్ట్ సింగిల్’ అనగానే రాబోయే సినిమాలోని మొదటి పాట గుర్తొస్తుంది. సంగీత పరిశ్రమలో ఆ మాటకు అర్థం వేరు. సినిమాతో నిమిత్తం లేకుండా, ఆల్బమ్ కోసం ఆగకుండా, ఒంటరిగా విడుదలయ్యే పాటే సింగిల్. ర్యాప్ గాయకులకు ఇదే ప్రాణాధారం. వాద్య బృందం అవసరం లేదు. తాళానికి ఒక బీటు, ఒక మైకు, రాసుకున్న మాటలు ఉంటే చాలు.

హిప్‌హాప్, ర్యాప్ ఒకటే అనుకోవడం మామూలు. నిజానికి హిప్‌హాప్ ఒక సంస్కృతి, ర్యాప్ అందులో భాగం. డీజేయింగ్, బ్రేక్ డాన్స్, గోడల మీద వేసే గ్రాఫిటీ మిగతా భాగాలు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఇచ్చిన పార్టీని దీని పుట్టుకగా లెక్కిస్తారు. నల్లజాతి, లాటినో యువకుల పేటల్లో పుట్టిన కళ కాబట్టి పాడేవాడు తన వీధి పేరు, తన యాస, తన కోపం దాచుకోకపోవడం మొదటి నుంచీ దీని లక్షణం.

మన దగ్గరికి ఇది సినిమా, పాప్ సంగీతాల వెంట వచ్చింది. 1992లో బాబా సెహగల్ ‘ఠండా ఠండా పానీ’ దేశమంతా మోగింది. 1994లో తమిళ ‘కాదలన్’ కోసం ఏఆర్ రెహమాన్ చేసిన ‘పేట్టై ర్యాప్’ మద్రాసు పేటల భాషను తెర మీదకు తెచ్చింది. ఆ సినిమా తెలుగులో ‘ప్రేమికుడు’గా వచ్చింది. అయితే ఇవి ప్రధానంగా సరదా పాటలు. పాడేవాడి బతుకే పాట కావడానికి మరికొన్నేళ్లు పట్టింది.

1. ‘ఐ ప్రొటెస్ట్’ (2010)

శ్రీనగర్ యువకుడు ఎంసీ కాష్ పాడిన పాట. 2010 వేసవిలో కశ్మీర్ లోయలో నిరసనలు, కాల్పుల మధ్య వందమందికి పైగా మరణించారు. అప్పుడే ఈ పాట ఇంటర్నెట్‌లోకి వచ్చింది. కశ్మీరీలోనో ఉర్దూలోనో కాకుండా ఇంగ్లిష్‌లో పాడటంతో లోయ బయటివారికీ నేరుగా చేరింది. చివర్లో ఆ వేసవిలో మరణించినవారి పేర్లు వినిపిస్తాయి. అక్కడ ప్రాసలు, చమత్కారాలు ఆగిపోయి పేర్లే మిగులుతాయి. ర్యాప్ ఒక రికార్డుగా, సాక్ష్యంగా ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి.

2. ‘ఆఫత్’ (2014)

ముంబైలోని కుర్లాకు చెందిన నేజీ దీని వీడియోను ఐప్యాడ్‌తో తీశారు. ఖరీదైన స్టూడియో లేకున్నా పాట నిలబడగలదని ఇది చూపించింది. నేజీ నోట మాట ఊపిరి సలపనంత వేగంగా దొర్లుతుంది. భాష పుస్తకాల హిందీ కాదు, బంబయ్యా హిందీ.

3. ‘మేరే గల్లీ మే’ (2015)

అంధేరీ కుర్రాడు డివైన్, నేజీ కలిసి చేసిన ఈ పాటతో ‘గల్లీ ర్యాప్’ అనే పేరు స్థిరపడింది. తన వీధిని చూసి సిగ్గుపడకుండా దాన్నే గర్వంగా చెప్పుకోవడం దీని సారం. ఈ ఇద్దరి జీవితాల స్ఫూర్తితో జోయా అఖ్తర్ తీసిన ‘గల్లీ బాయ్’ 2019 ఫిబ్రవరిలో విడుదలై 13 ఫిల్మ్‌ఫేర్ అవార్డులు గెలుచుకుంది. ఈ పాటనూ సినిమాలో తిరిగి వాడుకున్నారు. ముందు 2015 నాటి అసలు పాట విని, తర్వాత సినిమా పాట వింటే వీధి గొంతుకు, తారల గొంతుకు మధ్య తేడా చెవికి తెలుస్తుంది.

4. ‘కొడైకెనాల్ వోంట్’ (2015)

ఒక పాట ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు. కొడైకెనాల్‌లో హిందుస్థాన్ యూనిలీవర్‌కు చెందిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. పాదరసం కలిసిన గాజు వ్యర్థాలు ఊళ్లోని పాత సామాన్ల దుకాణంలో బయటపడటంతో 2001లో అది మూతపడింది. పాదరసం వల్ల ఆరోగ్యం పాడైందని, పరిహారం ఇవ్వాలని మాజీ కార్మికులు ఏళ్ల తరబడి పోరాడారు.

2015 జులై చివర్లో చెన్నై ర్యాపర్ సోఫియా అష్రఫ్ ఈ సమస్యపై పాట పాడారు. అమెరికన్ ర్యాపర్ నికీ మినాజ్ హిట్ పాట ‘అనకొండ’ బాణీని తీసుకుని, కంపెనీ పేరు నేరుగా చెబుతూ నిలదీశారు. వీడియోను లక్షల మంది చూశారు, నికీ మినాజ్ కూడా దాన్ని తన ట్విటర్ ఖాతాలో పంచుకున్నారు. 2016 మార్చిలో 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఒప్పందం కుదుర్చుకుంది. ఇది పాట ఒక్కదాని ఘనత కాదు. కార్మికుల సుదీర్ఘ పోరాటం, కోర్టు కేసు దాని వెనక ఉన్నాయి. దేశం పట్టించుకోని ఫిర్యాదును మూడు నిమిషాల్లో అందరి నోటా నానేలా చేయడమే పాట చేసిన పని.

5. ‘మియా భాయ్’ (2018)

హైదరాబాదీ దక్కనీని దేశమంతటికీ వినిపించిన పాట ఇది. పాడింది రుహాన్ అర్షద్. సంగీతపరంగా సాదాసీదా పాటే. పాతబస్తీ మాట తీరు, దోస్తానా, దర్పం దీనికి బలం. మీమ్‌లు, టిక్‌టాక్ ద్వారా ఊళ్లు దాటింది. తర్వాత మతపరమైన కారణాలతో సంగీతం వదిలేస్తున్నట్టు రుహాన్ ప్రకటించారు. దక్కనీ అంటే సినిమాల్లో హాస్యానికి వాడుకునే యాస అన్న చిన్నచూపుకు, అదే యాసలో గర్వంగా పాడిన ఈ పాట ఒక జవాబు.

6. ‘ఎంజాయ్ ఎంజామి’ (2021)

ఈ జాబితాలో అందరూ విన్న పాట బహుశా ఇదే. 2021 మార్చిలో విడుదలైంది. అరివు, ధీ పాడగా సంతోష్ నారాయణన్ సంగీతం సమకూర్చారు. వింటే పండగ పాటలా ఉంటుంది గానీ మూలంలో ఉన్నది శోకం. అరివు నానమ్మ వల్లియమ్మాళ్ తరం శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి, చేతిలో సెంటు భూమి లేకుండా తిరిగొచ్చింది. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె కుదుర్చుకున్న ఒప్పందంతో లక్షలాది తోట కూలీలకు ఇలా దేశం మారింది. ఆ భూమిలేని జనం తరఫున ఈ పాట నేలను, చెట్టును, పక్షిని పిలుస్తుంది. తమిళ శోకగీతాల పద్ధతి అయిన ‘ఒప్పారి’ ఇందులో ర్యాప్ పక్కనే నడుస్తుంది.

పాట తర్వాతి కథ కూడా తెలుసుకోదగ్గదే. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రంపై ధీ కనిపించారు గానీ అరివు లేరు. దళిత కళాకారుడిని చెరిపేశారంటూ దర్శకుడు పా. రంజిత్ సహా పలువురు ప్రశ్నించారు. ఈ పాట ఎవరి సృష్టి అన్న దానిపై 2022లో మళ్లీ బహిరంగ వాదం నడిచింది. ఇంత పెద్ద హిట్ నుంచి తమకు రూపాయి కూడా రాలేదని 2024లో సంతోష్ నారాయణన్ వెల్లడించారు. సినిమా సంగీతానికి బయట స్వతంత్ర మార్గం ఉందని నమ్మించిన పాటే ఆ మార్గంలోని గుంతలనూ చూపించింది.

7. ‘కానా యారీ’ (2022)

పాకిస్తాన్ కోక్ స్టూడియో 14వ సీజన్ పాట. కైఫీ ఖలీల్, అబ్దుల్ వహాబ్ బుగ్టీలతో కలిసి ఇవా బీ పాడారు. ప్రేమలో ద్రోహం గురించిన ఈ బలోచీ పాటలో ఆమె ర్యాప్ నిప్పురవ్వలా వచ్చి పోతుంది. ఇవా బీ కరాచీలోని ల్యారీకి చెందిన యువతి. ముఖానికి నిఖాబ్ ధరించే వేదికెక్కుతారు. ముఠా తగాదాలకు మారుపేరుగా వార్తల్లో నలిగిన ల్యారీ, ఫుట్‌బాల్‌కు, ర్యాప్‌కు కూడా పేరున్న పేట. బలోచీ ఒక్క ముక్క రాకపోయినా పాట ఊపు అర్థమవుతుంది.

8, 9. ‘కొథా కొ’, ‘ఆవాజ్ ఉఠా’ (2024)

ఈ రెండింటినీ కలిపే వినాలి. బంగ్లాదేశ్‌లో స్వాతంత్ర్య యోధుల వారసులకు 30 శాతం కోటాను 2024 జూన్‌లో హైకోర్టు పునరుద్ధరించడంతో ఆందోళన మొదలైంది. జులై 16న షెజాన్ ‘కొథా కొ’ విడుదల చేశారు. ‘మాట్లాడు’ అని దాని అర్థం. మాతృభాష కోసం 1952లో ప్రాణాలిచ్చిన దేశంలో 2024లో నోరెత్తితే దెబ్బలా అన్నది పాట వేసే ప్రశ్న. రెండు రోజులకు హన్నాన్ ‘ఆవాజ్ ఉఠా’ వచ్చింది. జులై 25న హన్నాన్‌ను అరెస్టు చేశారు. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి వెళ్లాక ఆయన బయటికి వచ్చారు. ఇంటర్నెట్ నిలిపేసిన రోజుల్లోనూ ఈ పాటలు జనం నోట నిలిచాయి.

10. ‘బిగ్ డాగ్స్’ (2024)

మలప్పురం జిల్లాలో మూలాలుండి, అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగి, బెంగళూరు వేదికలపై పేరు తెచ్చుకున్న హనుమాన్‌కైండ్ పాట. బీటు కట్టింది హైదరాబాద్‌కు చెందిన కల్మి. జాతరల్లో, ఎగ్జిబిషన్లలో చెక్కబావి గోడల మీద మోటార్‌సైకిళ్లు, కార్లు తిప్పే ‘మౌత్ కా కువా’లో బిజోయ్ శెట్టి వీడియో తీశారు. నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లినవారికి ఆ చప్పుడు కొత్త కాదు. సాహిత్యంలో లోతు వెతికేవారికి ఇది నిరాశే. మోత, లయ, దృశ్యం మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి.

కేసు ఎక్కడ, పదవి ఎక్కడ

ర్యాప్ పాటకు పోలీసు కేసు ఢాకాకే పరిమితం కాదు. నేపాల్‌లో 2019 అక్టోబరులో వీటెన్ అనే ర్యాపర్‌ను పాటలోని మాటల కారణంగా అరెస్టు చేశారు. మహారాష్ట్రలో రాజకీయ ఫిరాయింపులను ఎద్దేవా చేసిన పాటపై 2023లో రాజ్ ముంగసే మీద కేసు పెట్టారు. ఇంకోవైపు, పాటల్లో అవినీతిని ఎండగట్టిన ర్యాపర్ బాలెన్ షా 2022లో స్వతంత్ర అభ్యర్థిగా కాఠ్మండూ మేయర్‌గా గెలిచారు. ఒడిశాలోని కలహండికి చెందిన దులేశ్వర్ టాండీ 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల నడకపై కోసలీలో, హిందీలో పాడి గుర్తింపు పొందారు. పశ్చిమ ఒడిశా కూలీలు ఏటా తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు వస్తారు. ఆయన పాడిన బతుకు ఇక్కడికీ చెందినదే.

మరి తెలుగులో?

తెలుగులో రోల్ రైడా, నోయెల్ వంటివారు ఏళ్లుగా ర్యాప్ చేస్తున్నారు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన రాజకుమారి 2017లో డివైన్‌తో ‘సిటీ స్లమ్స్’ చేశారు. అయినా పై జాబితాలో నిలబెట్టదగ్గ తెలుగు సింగిల్ ఒక్కటీ లేకపోవడం గమనించాల్సిన విషయం. ప్రతిభ ఉన్నవారిని సినిమా త్వరగా పిలుచుకుంటుంది, హీరో పరిచయ గీతంలో నాలుగు పంక్తులు ఇస్తుంది. నిరసన పాటకేమో తెలుగులో అప్పటికే డప్పు, గోసి, గొంగడితో బలమైన జనపద సంప్రదాయం ఉంది. కోపం ఉన్నవాడు అటు వెళ్లాడు.

భాష అడ్డు అన్న వాదన నిలవదు. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస చవగ్గా దొరుకుతుంది. చవగ్గా దొరికేది చెవికి త్వరగా విసుగు పుట్టిస్తుంది. పద్యకవులు ఆ సంగతి ఎరిగి ప్రాసను పాదంలో రెండో అక్షరానికి, యతిని పాదం మధ్యకు తెచ్చారు. ర్యాప్‌లో ‘లోపలి ప్రాస’ అనేది దాదాపు ఈ పనే చేస్తుంది. పైగా మాట్లాడే యాసల్లో చివరి అచ్చులు కుదించుకుపోయి మాట డప్పు దెబ్బలా పడుతుంది. ముడిసరుకు ఉంది. దాన్ని సినిమా అడగని పాటకు ఖర్చుపెట్టేవారు కావాలి.

కొత్త సింగిల్‌ను ఎలా వినాలి?

ఈ పది పాటలను బట్టి మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. పాడేవారు తమ యాసలో మాట్లాడుతున్నారా, అరువు తెచ్చుకున్న గొంతుతోనా? బీటు తీసేసి మాటలు మాత్రమే చదివితే చెప్పడానికి ఏమైనా మిగులుతుందా? పాట కింద ఎవరెవరి పేర్లున్నాయి, ఎవరి పేరు లేదు? మొదటి రెండూ పాట మంచిచెడ్డలు చెబుతాయి. మూడోది ఆ పాటతో ఎవరికి అన్నం దొరుకుతోందో చెబుతుంది.