డిమెన్షియా సంరక్షకుల భావశ్రమ

డిమెన్షియా (చిత్తవైకల్యం, వాడుకలో మతిమరుపు జబ్బు) ఉన్నవారిని జీతానికి చూసుకునే నర్సులు, ఆయాలు, కేర్‌టేకర్లు తమ విసుగును, భయాన్ని, మమకారాన్ని సంబాళించుకునే తీరు. భావశ్రమ అనే భావనను 1983లో అమెరికా సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమాన పరిచారికల పనిని చూసి ప్రతిపాదించారు. ముఖాన నవ్వు పులుముకోవడం వేరు, నవ్వు వచ్చేలా మనసునే మలుచుకోవడం వేరు అని ఆమె విడదీశారు. ‘కొట్టింది ఆయన కాదు, ఆయన జబ్బు’ అని సర్దిచెప్పుకోవడం రెండో రకానికి చెందుతుంది.

సంరక్షకుల ఓర్పును వ్యక్తి స్వభావంగా చూసే రచనలు ఉన్నాయి. అంతకన్నా నమ్మదగిన వివరణ మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్‌ది. లండన్‌లోని ఒక బోధనాసుపత్రి నర్సులపై ఆమె రాసిన వ్యాసానికి కొందరు 1959 అనీ, కొందరు 1960 అనీ వేస్తారు. పత్రిక సంపుటాన్ని బట్టి రెండోదే సరి కావచ్చు. పనిని ముక్కలు చేసి ఒక్కో నర్సుకు ఎందరో రోగులను పంచడం, రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో జబ్బుతోనో చెప్పడం, ఇవన్నీ ఆందోళన దగ్గరకు రాకుండా ఆసుపత్రే కట్టుకున్న గోడలని ఆమె వాదన. అయితే ఆ గోడలు ఆందోళనను తీర్చలేదు, తప్పించాయి. అది సాధారణ ఆసుపత్రి. డిమెన్షియా వార్డుకు అన్వయించేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

బ్రిటన్‌కు చెందిన టామ్ కిట్‌వుడ్ 1997 నాటి గ్రంథంలో సిబ్బందికీ రోగికీ మధ్య ఏర్పడే ఆ దూరాన్ని రోగి వైపు నుంచి చూశారు. తొందరపెట్టడం, పసిపిల్లల్లా చూడటం, పక్కనే ఉన్నా లేనట్టు మాట్లాడుకోవడం వ్యక్తిత్వాన్ని హరిస్తాయన్నారు. సిబ్బందికి దురుద్దేశం ఉందని మాత్రం ఆయన అనలేదు.

ఎనభై ఏళ్ల పెద్దావిడ ‘మా అమ్మ వచ్చిందా?’ అని అడిగితే ఏం చెప్పాలన్నది తెగని చర్చ. నిజం చెబితే ఆమెకు మళ్లీ కొత్తగా శోకం, అబద్ధమాడితే చెప్పినవారికి గుచ్చుకుంటుంది. డిమెన్షియా ఉన్నవారితో మాట్లాడేందుకు నయోమీ ఫైల్ రూపొందించిన పద్ధతిలో కాదనరు, అబద్ధమూ ఆడరు. ‘అమ్మ గుర్తొస్తోందా, ఆవిడ ఎలా ఉండేవారు?’ అన్న తరహాలో మాట సాగిస్తారు.

ఇలాంటి పనివల్ల కలిగే తీవ్రమైన అలసటకు వాడే బర్న్‌అవుట్ అనే మాటను సాధారణంగా మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బర్గర్‌కు (1974) ఆపాదిస్తారు, కానీ 1969 నాటి వాడుక కూడా కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక వృత్తిసంబంధ స్థితిగా నమోదు చేసింది.

పై పరిశీలనలు ఎక్కువగా వార్డులకు, వృద్ధాశ్రమాలకు చెందినవి. ఇజ్రాయెల్‌లో తెలంగాణ వారు కొందరు ఇళ్లలో వృద్ధులను చూసుకునే పనిలో ఉన్నారు. అలా రోగి ఇంట్లోనే ఉండి పనిచేసే కేర్‌టేకర్‌కు డ్యూటీ దిగే వేళంటూ ఉండదు, గోడు చెప్పుకోవడానికి తోటి నర్సూ ఉండరు.