బిగుసుకున్న మర

సీసా మూత రాకపోతే మీరేం చేస్తారు? ముందు పైటచెంగుతో పట్టుకుని తిప్పుతారు. రాకపోతే ఇంట్లో ఉన్న మగవాళ్ళ చేతికిస్తారు. వాళ్ళు పళ్ళు బిగించి, మొహం ఎర్రగా చేసుకుని, "దీన్నెవరు ఇంత బిగించారు?" అని మనమీదే ఓ కేక వేసి తిరిగిచ్చేస్తారు. అప్పుడు మనం వంటింట్లోకి పట్టుకెళ్ళి, మూతమీద కాసిని వేణ్ణీళ్ళు పోసి, నిమిషం ఆగి, మెల్లిగా తిప్పేస్తాం. మూత రేకుది, సీసా గాజుది. వేడికి గాజుకన్నా రేకు ఎక్కువ సాగుతుంది. అంతే కిటుకు!

ఈ కిటుకు నాకు పెళ్ళికాక ముందునుంచీ తెలుసు. కాని దానికో చరిత్ర కూడా ఉందని మాత్రం మొన్న ఎండాకాలం ఆళ్ళగడ్డలో, మా పుట్టింటి కొట్టంలో, ఒక పాత బుల్లెట్టు బండి పక్కన పీట వేసుక్కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆ బండి మా నాయనది. 1970ల్లో మద్రాసులో తయారైంది. ఎవరో వాడుకున్నాక నాయన కొన్నాడు. పెట్రోలు టాంకుమీద నేను, మధ్యలో నాయన, వెనక తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని అమ్మ... ఈ రోజుల్లో అయితే పోలీసులు జరిమానా వేసేవారు! నాయన పోయి పన్నెండేళ్ళయింది. అప్పట్నించీ అది కొట్టంలోనే ఉంది. పైన రేకు కారుతుంది. పక్కన ఎద్దులు లేవు గాని వాటి గాడి ఉంది. కోళ్ళు దాని సీటుమీద గుడ్లు పెట్టాయి.

తమ్ముడు పాత ఇనప సామాన్లవాణ్ణి పిలిచి కిలోల లెక్కన బేరమాడాడు. వాడు తప్పన్నట్టు కాదు, ఆ చోట్లో గది వేద్దామని వాడి ఆలోచన. అమ్మ ఏమీ అనలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు. ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు అడ్డం పడి, "నాయనా, నాకు నెలరోజులియ్యి. నడిపించి చూపిస్తా. లేకుంటే నీ ఇష్టం" అన్నాడు. అలా గడువు పెట్టుకున్నారు తండ్రీ కొడుకులు.

మొదటి రోజే చిక్కొచ్చింది. ఇంజను కిందికి దించాలంటే, దాన్ని చట్రానికి పట్టి ఉంచే పొడుగాటి బోల్టు ఒకటి తియ్యాలి. నట్టు వచ్చింది గాని బోల్టు కదలదు. పిలిపించిన మెకానిక్కు సుత్తితో నాలుగు వాయించి, "గ్యాసు పెట్టి కోసెయ్యాల్సిందే, ఇంజను చెవి పోతే పోయింది" అన్నాడు. అమ్మ గడపలోంచే, "కోసేదుంటే ఆ ఇనప సామాన్లోనికే ఇయ్యండి" అని లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు నంద్యాలనుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాడు మేనల్లుడు. డెబ్బై ఏళ్ళుంటాయి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తి అడగలేదు, టీ అడిగాడు.

"బలం చూపిస్తే బోల్టు తల తెగిపోతాదమ్మా. తల తెగినాక దానికి ఏం చెప్పినా వినదు" అన్నాడు.

ఆయన సంచిలో రెండు రకాల పానాలున్నాయి. ఒకటి మిల్లీమీటర్లవి, రెండోది అంగుళాలవి. మద్రాసులో చేసిన బండికి అంగుళాల పానాలెందుకండీ అన్నాను. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే నేను రెండువందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

ఒకప్పుడు ఇంగ్లండులో ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదేనట. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోటి బోల్టుకి ఎక్కదు. బోల్టు పోతే, చేసినవాడి దగ్గరికే పరిగెత్తాలి. 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్‌స్లే అనే ఆయన ఒకే తీరుగా మరలు కోసే లేతు యంత్రాన్ని కుదిర్చాడు. ఆయన దగ్గర పని నేర్చినవాడే జోసెఫ్ విట్‌వర్త్. ఈ విట్‌వర్త్ ఏం చేశాడంటే, దేశంలోని కార్ఖానాలనుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సరాసరి తీసి, ఇంత లావు బోల్టుకి అంగుళానికి ఇన్ని మరలు, మర వాలు 55 డిగ్రీలు అని 1841లో ఒక పద్ధతి చెప్పాడు. లోకంలో అందరూ వాడుకోదగ్గ మొదటి మర అదే. చిన్న చిన్న మరలకు బ్రిటిష్ అసోసియేషన్ వారు 1884లో వేరే కొలతలు సూచించారు. సైకిళ్ళవాళ్ళు 1902లో తమకంటూ 60 డిగ్రీల మర పెట్టుకున్నారు. మోటారుసైకిలు సైకిలుకి పుట్టిన బిడ్డే గనక ఆ మరా దానికి వచ్చింది.

బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరు. 1955లో ఆ కంపెనీ, మద్రాసు మోటార్సు వారు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాని పెట్టారు. మొదట విడిభాగాలు ఓడలో వచ్చేవి, మద్రాసులో బిగించేవారు. తరువాత భాగాలు కూడా ఇక్కడే చెయ్యటం మొదలైంది. 1970 నాటికి ఇంగ్లండులో తయారీ ఆగిపోయింది, మనదగ్గర సాగిపోయింది. 1957 ఏప్రిల్ 1న మనకు అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. గజాలు, శేర్లు పోయి మీటర్లు, కిలోలు వచ్చాయి. అయినా పుట్టింటి సారెలా ఈ బండిలో అంగుళాల మరలు చాలాకాలం మిగిలిపోయాయి. అందుకే ఆ పెద్దాయన సంచిలో రెండు రకాల పానాలు! కొలత సరిపోని పానాతో తిప్పితే బోల్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయట. పాత బండ్లు చాలామటుకు అలాగే పాడయ్యాయన్నాడు.

టీ తాగాక ఆయన తీగెబ్రష్షుతో మట్టీ తుప్పూ గీకాడు. డీజిలూ పల్చటి నూనే కలిపి బోల్టు రెండు కొసల్లో చుక్కచుక్కగా వదిలాడు. మా చిన్నప్పుడైతే దీనికి కిరసనాయిలే వాడేవారు. ఇప్పుడది దొరకటమే అపురూపం. మేనల్లుడు డబ్ల్యుడి-40 అనే డబ్బా తెచ్చి బుస్సున కొట్టాడు. దానిదీ ఓ కథే. 1953లో అమెరికాలో శాండియాగోలో ఒక చిన్న కంపెనీ, రాకెట్ల రేకులకు చెమ్మ అంటకుండా ఉండేందుకు మందు కలపబోయి, 39 సార్లు తప్పి, 40వ సారి సాధించిందట. పేరులోని 40 అదే. మన మొదటి పూర్ణాలు నూనెలో విచ్చిపోతే ఇంక చేయనని గరిటె విసిరేసేవాళ్ళం ఇది గుర్తుపెట్టుకోవాలి!

"ఇంతకీ ఎందుకింత పట్టేసింది?" అంది అమ్మ. మేనల్లుడు వివరించాడు. బోల్టు ఉక్కుది, ఇంజను ఒళ్ళు అల్యూమినియంది. ఇనుము తుప్పు పడితే ఆ తుప్పుకి ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు కావాలి. ఉన్న సందులోనే ఉబ్బి కూర్చుంటుంది. దానికితోడు రెండు వేరువేరు లోహాలు తడిలో తాకుతూ ఉంటే వాటిమధ్య సన్నగా కరెంటు పారి, ఒకటి ఇంకోదాన్ని తినేస్తుంది. ఇక్కడ తినబడేది అల్యూమినియం. తెల్లటి పొడిగా మారి బోల్టుని కరిచిపట్టుకుంటుంది.

ఈ సంగతి మనుషులకు తెలియటం వెనక నాకు బాగా నచ్చిన కథొకటి ఉంది. పురుగులు కొయ్యని తొలిచెయ్యకుండా, 1761లో బ్రిటిష్‌వారు అలారం అనే యుద్ధనౌక అడుక్కి రాగిరేకు తాపడం చేశారు. కొట్టింది ఇనపమేకులు. రెండేళ్ళు సముద్రంమీద తిరిగి వచ్చాక 1763లో చూస్తే చాలా మేకులు చివికిపోయాయి. కొన్ని మాత్రం చెక్కుచెదరలేదు. ఏమిటా అని చూస్తే, రాగిరేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని ఎవరో బద్ధకస్తుడు అక్కడక్కడ తియ్యకుండానే మేకులు కొట్టేశాడట! మధ్యలో కాగితం ఉన్నచోట ఇనుము బతికింది. రాగికీ ఇనుముకీ తడిలో పొత్తు కుదరదని ఆ కాగితమే చెప్పింది. వోల్టా బ్యాటరీ కనిపెట్టటానికి దాదాపు 40 ఏళ్ళ ముందుమాట ఇది.

"మూడు రోజులు దీన్ని తాకొద్దు. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి నూనె వదిలి, చిన్నగా తట్టండి, సాలు" అని పెద్దాయన వెళ్ళిపోయాడు. మేనల్లుడికి కాళ్ళు నిలవటం లేదు. "పద, ఊరికే కూర్చుంటే నీ చెయ్యి సుత్తిమీదికే పోతుంది" అని, అమ్మనీ వాణ్ణీ కారెక్కించి, కోయిలకుంట్ల మీదుగా బెలుం గుహలకి బయలుదేరదీశాను.

కొలిమిగుండ్ల మండలంలో, చదునైన చేలమధ్య, బావుల్లాంటి గుంతలు కనబడతాయి. లోపలికి దిగితే ఒక ఊరే ఉంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రవేత్త ఈ గుహల సంగతి కాగితంమీద పెట్టాడు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మనీ బృందం వచ్చి లోపల కొలిచింది. గుహల పొడవు 3229 మీటర్లు. 1999లో రాష్ట్ర పర్యాటక సంస్థ పని మొదలుపెట్టి, దీపాలూ దారులూ వేసి, 2002లో జనానికి తెరిచింది. ఇప్పుడు మనం నడవగలిగేది కిలోమీటరున్నర. మా చిన్నతనంలో ఈ హంగులేవీ లేవు. నాయన ఆ బుల్లెట్టుమీదే మమ్మల్ని తెచ్చి, గుంత అంచున నిలబెట్టి, చెయ్యి గట్టిగా పట్టుకుని చీకటి చూపించాడు. అంతే మా విహారయాత్ర.

లోపల ఉక్క. అమ్మ సింహద్వారం దాకా వచ్చి, చాల్లే అని కూర్చుంది. నేను మెట్లు దిగి పాతాళగంగ దాకా వెళ్ళాను. ప్రవేశద్వారానికి 46 మీటర్ల లోతున సన్నటి నీటిపాయ అది. ఈ గుహలన్నిటినీ తొలిచింది నీళ్ళే. వాన నీరు గాలిలోంచీ, మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడు కలుపుకుని కొంచెం పులుపెక్కి, సున్నపురాతిని లక్షల ఏళ్ళపాటు కరిగించుకుంటూ పోయింది. ఆ నీళ్ళే పైకప్పునుంచి చుక్కచుక్కగా కారి మళ్ళీ రాయి కట్టాయి, ఊడలమర్రిలా, వేయిపడగల్లా. మన నీళ్ళు కాచే గిన్నెల్లో తెల్లగా గార కడుతుంది చూడండి, అదే పని. ఆ గారని నిమ్మచెక్కతో రుద్ది వదిలిస్తాం చూడండి, అదీ ఇదే పని.

పైకొచ్చి చెబితే అమ్మ విని, "నీళ్ళకి ఒక పద్ధతే లేదేంది? రాయిని ఇప్పుతాది, ఇనుముని బిగిస్తాది" అంది. నేను నవ్వాను గాని, ఇన్ని చదివిన నాకు ఆ మాట తోచలేదు. రెండుచోట్లా పని చేసింది చెమ్మా, కాలమూ. విడదీసినా, బిగించినా దానికి తొందర లేదు. తొందరంతా మనదే.

నాలుగోరోజు పెద్దాయన వచ్చాడు. పెట్రోలు టాంకు ముందే తీయించి దూరంగా పెట్టించాడు. పొయ్యిబుడ్డి లాంటి దీపంతో బోల్టుని కాక, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేశాడు. ఉక్కుకన్నా అల్యూమినియం దాదాపు రెండింతలు సాగుతుంది. అంటే మన సీసా మూతే! తరువాత పానా వేసి విప్పేవైపు కాక, ముందు బిగించేవైపు రవ్వంత తిప్పాడు. కిర్రుమంది. ఇటు రవ్వ, అటు రవ్వ, మధ్యలో చుక్క నూనె. అలా ముప్పావుగంట. ఆఖరికి ఇత్తడి కడ్డీ ఆనించి తడితే, ఎర్రగా బురద పూసుకున్నట్టు బోల్టు ఇవతలికొచ్చింది. తలా తెగలేదు, ఇంజను చెవీ పోలేదు. తమ్ముడు అంతదాకా వీధిగుమ్మంలో పేపరు చదువుతున్నట్టు నటిస్తూనే ఉన్నాడు. అప్పుడు మాత్రం లేచి వచ్చి ఆ బోల్టుని చేతిలో తిప్పి చూశాడు. ఇనప సామాన్లవాడి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

అసలు విశేషం ఆ తరువాత జరిగింది. ఇంజను పక్క మూత మరమేకులు ఇంకెంత బాధ పెడతాయో అని మేము భయపడుతుంటే, అవి చేత్తో తిప్పినట్టు వచ్చేశాయి. ఒక్కదానికీ తుప్పు లేదు. మరల సందుల్లో నల్లగా, మెత్తగా ఏదో ఉంది. పెద్దాయన వేలితో తీసి వాసన చూసి, "ఇవి బిగించినోడు గ్రీజు పూసి బిగించినాడమ్మా" అన్నాడు.

"ఆయనే" అంది అమ్మ. "ప్రతి ఎండాకాలం ఆ మూత ఇప్పుకోని కూసునేటోడు. బండి ఇరుసుకి కందెన ఏసినట్లు ఒక్కొక్కదానికి పూసేటోడు. ఎందుకింత చాదస్తమంటే, మళ్ళా ఇప్పేటోడు తిట్టుకోకూడదు గదా అనేటోడు." ఆ పొడుగాటి బోల్టు మాత్రం నాయనకి జబ్బుచేసే ముందు ఏదో షాపులో బిగించింది. దానికి పూసినవాళ్ళు లేరు.

ఆ 'మళ్ళా ఇప్పేటోడు' తన మనవడని నాయనకి తెలీదు. వాణ్ణి ఆయన ఎత్తుకున్నాడు గాని, వాడి చేతిలో పానా చూడలేదు. విట్‌వర్తయినా, ఇంకెవరైనా చేసింది ఇదే కదా అనిపించింది నాకు. తను బిగించినదాన్ని తనెరుగని చెయ్యి విప్పగలగాలని కోరుకోవటం. చరిత్రలో రాజులు కట్టినవాటికి లెక్కలున్నాయి. ఇలా పూసిన గ్రీజుకి లెక్క రాసినవాళ్ళు లేరు.

కొత్త బోల్టు వేసేటప్పుడు మేనల్లుడు గ్రీజు డబ్బా మరిచిపోయి పానా అందుకున్నాడు. "ముందు పూయిరా!" అని అమ్మ కసిరింది. బండి నెల తిరక్కముందే చప్పుడు చేసింది. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. పొయ్యి కట్టేసి మాత్రం విన్నది.

హైదరాబాదు వచ్చాక ఆవకాయ సీసాకి మూత పెడుతూ ఆగాను. అంచు శుభ్రంగా తుడిచి, మరలమీద ఓ చుక్క నూనె రాసి, మెల్లిగా బిగించాను. రేపు ఎవరు విప్పుతారో మరి!