వృక్ష ఈస్ట్రోజెనులు, పురుష హార్మోనులు: కృష్ణా పశ్చిమ డెల్టా ఆహార దృష్టితో

వృక్షజాతులలో సహజముగా పుట్టి, ఆహారము ద్వారా దేహమున ప్రవేశించి, ఈస్ట్రడయోల్ అను హార్మోను ఆశ్రయించెడి గ్రాహకములనే కొంతమేరకు ఆశ్రయింపగల పదార్థములను వృక్ష ఈస్ట్రోజెనులందురు. వీనివలన పురుషులలో టెస్టోస్టిరోన్ తగ్గునా, ఈస్ట్రోజెన్ పెరుగునా అను ప్రశ్న సోయా వాడుకతోపాటు ఆంధ్రదేశమునకును వచ్చినది. ఇప్పటివరకు జరిగిన ప్రయోగములను సమీక్షించినచో, సాధారణముగా భుజించు పరిమాణములలో ఇవి పురుషుల హార్మోను స్థితిని మార్చుచున్నట్లు కానరాదు. అతిమాత్రముగా సేవించిన కొద్దిమంది వృత్తాంతములు మాత్రము ఇందుకు భిన్నముగా ఉన్నవి. పప్పుధాన్యములు దినదినమును వాడుకలో నుండు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల ఆహారమును ప్రధానముగా గైకొని ఈ విషయమిచ్చట వివరింపబడినది.

వర్గములు

వీనిలో ముఖ్యములు మూడు. మొదటివి ఐసోఫ్లేవోనులు, జెనిస్టీన్, డైడ్జీన్, గ్లైసిటీన్ అను మూడును సోయా చిక్కుడు గింజలలో విశేషముగా నుండును. రెండవవి లిగ్నానులు, ఇవి అవిసె గింజలలోను, నువ్వులలోను మిక్కుటము. మూడవవి కూమెస్టానులు, వీనిలో ప్రధానమైన కూమెస్ట్రాల్ క్లోవర్, ఆల్ఫాల్ఫా వంటి పశుగ్రాసములందును, కొన్ని మొలకెత్తిన గింజలందును కానవచ్చును. బీరు తయారీలో వాడు హాప్ పుష్పములలోని 8-ప్రెనైల్‌నారింజెనిన్ వీనియన్నిటికంటె బలవత్తరమని తలచువారు పెక్కురు గాని, త్రాగెడి బీరులో దాని పాలు అత్యల్పము.

చరిత్ర

ఈ శాస్త్రమునకు ఆరంభవర్ష మేదియను విషయమున ఏకాభిప్రాయము లేదు. జెనిస్టీన్ 1899లోనే ఒక రంగుమొక్క నుండి వేరుచేయబడినను, దాని హార్మోను గుణము అప్పటికి తెలియదు. మొక్కల సారములలో ఈస్ట్రోజెన్ లక్షణము గలదని 1926లో ప్రకటింపబడుటచే ఆ సంవత్సరమును గైకొనువారు కొందరు; 1932లో గర్భవతియగు గుఱ్ఱపు మూత్రము నుండి ఈక్వాల్ అను పదార్థమును వేరుచేయుటను గణించువారు మరికొందరు. అయితే ఒక జీవిపై వీని ప్రభావము నిస్సందేహముగా రుజువైనది 1946లో గావున, ఆ వర్షమును మొదటి మెట్టుగా నెంచుట సమంజసముగా తోచుచున్నది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక జాతి క్లోవరు మేసిన గొఱ్ఱెలు చూలు నిలువక నష్టపోవుచుండగా, బెనెట్స్, అండర్‌వుడ్, షయర్ అను శాస్త్రజ్ఞులు ఆ వ్యాధిని మేతతో ముడిపెట్టి ప్రకటించిరి. ఆ మేతలోని ఫార్మొనొనెటిన్ గొఱ్ఱె జీర్ణకోశములో ఈక్వాలుగా మారుట కారణమని తరువాత తేలినది. విత్తుగొట్టిన మగ గొఱ్ఱెలలో పొదుగు వృద్ధి పొందుటయు అప్పుడే గుర్తింపబడినది. విత్తుగల పొట్టేళ్లలో మాత్రము అంతటి మార్పు కానరాలేదు. పురుషుల విషయమున నేడు వినవచ్చు భయమునకు బీజము కొంతవరకు ఈ వృత్తాంతముననే యున్నది. కాని రాత్రింబవళ్లు క్లోవరునే మేయు గొఱ్ఱెకును, అన్నముతో పప్పు కలుపుకొను మనుష్యునకును మాత్రలో గల అంతరమును విస్మరింపరాదు.

దేహమున పనిచేయు విధము

పురుష దేహమునందును ఈస్ట్రోజెన్ సహజముగా కలదు. టెస్టోస్టిరోన్‌లో కొంతభాగము ఆరోమటేజ్ అను ఎంజైమువలన ఈస్ట్రడయోల్‌గా మారుచుండును. రక్తములో ఈస్ట్రడయోల్ హెచ్చినపుడు మెదడులోని హైపోథాలమసును, పీయూషగ్రంథియు దానిని గ్రహించి, వృషణములను ప్రేరేపించు ఎల్.హెచ్. హార్మోనును తగ్గించును, తత్ఫలితముగా టెస్టోస్టిరోన్ ఉత్పత్తియు తగ్గును. వృక్ష ఈస్ట్రోజెనులు నిజమైన ఈస్ట్రోజెనువలెనే ప్రవర్తించునేని పురుషులలో ఈ పరంపర యంతయు కానరావలెను. అట్లు కానరాకుండుటకు రెండు కారణములు చెప్పబడుచున్నవి. జెనిస్టీన్ మొదలగునవి ఈస్ట్రడయోల్ కంటె ఎన్నో రెట్లు బలహీనములు. అవి 1996లో కనుగొనబడిన బీటా గ్రాహకము నాశ్రయించునంతగా, పునరుత్పత్తి క్రియలలో ముఖ్యమైన ఆల్ఫా గ్రాహకము నాశ్రయింపవు.

గొఱ్ఱెల విషయమున పైన చెప్పిన ఈక్వాల్ మనుష్యులందరిలోను పుట్టదు; డైడ్జీనును ఈక్వాలుగా మార్చు సూక్ష్మజీవులు అందరి ప్రేగులలోను ఉండవు. పాశ్చాత్యులలో సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు జనులకును, జపాను మొదలగు దేశములలో సగమునకు పైబడిన జనులకును ఈ శక్తి కలదని అధ్యయనములు చెప్పుచున్నవి.

డెల్టా ఆహారమునందు

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి మాగాణుల వెంట మినుము, పెసర పండించుట చిరకాలాచారము. వరి కోతకు రెండు మూడు దినములు ముందు నిలిచియున్న పైరులోనే విత్తనము చల్లి, నేలలో మిగిలిన పదునుతోనే పంట తీయు ఈ పద్ధతికి తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు పేరెన్నికగన్నవి. గుంటూరు దాపునగల లాం పరిశోధనా స్థానము వెలువరించిన ఎల్.బి.జి. 752, ఎల్.బి.జి. 787 మొదలగు మినుము రకములు ఇటువంటి సాగులో వ్యాప్తి చెందినవి; 1945లో స్థాపింపబడిన బాపట్ల వ్యవసాయ కళాశాల ఈ ప్రాంత వ్యవసాయవిద్యకు కేంద్రము. పల్లాకు తెగులు తాకిడివలనను, ఇతర కారణములవలనను, ఇటీవలి దశాబ్దములలో మినుము స్థానమును కొంతవరకు మొక్కజొన్న, జొన్న ఆక్రమించినను, ఇడ్లీ, మినపట్టు, గారె, పెసరట్టు, సున్నుండ లేని భోజన సంప్రదాయము ఇచ్చట లేదు.

మినుము, పెసర, కంది, సెనగ ఇవన్నియు సోయా చిక్కుడుతోపాటు ఒకే వృక్షకుటుంబమునకు చెందినవగుటచే, వీనిలోను అంతటి ఐసోఫ్లేవోనులుండునని కొందరు ఊహింతురు. విశ్లేషణలు దీనిని బలపరచవు. ఎండు సోయా గింజలలో 100 గ్రాములకు ఐసోఫ్లేవోనులు రకమును బట్టి సుమారు 100 మొదలు 200 మిల్లీగ్రాముల వరకు నుండగా, మన పప్పులలో అవి సాధారణముగా 1 మిల్లీగ్రామునకు లోపే. మొలకెత్తిన పెసలలో కూమెస్ట్రాల్ కొంత పుట్టును. దాని కొలతలు ప్రయోగశాలను బట్టి మారుచున్నను, స్వల్పమనుటలో భేదము లేదు. రాత్రియంతయు పిండి పులియుటవలన ఐసోఫ్లేవోనుల రూపము మారవచ్చును గాని, మూలమున లేని పదార్థమును పులియుట సృష్టింపజాలదు.

సంప్రదాయ వైద్యము ఈ విషయమును మరియొక దృష్టితో చూచినది. ఆయుర్వేదము మినుములను వృష్యములలో, అనగా పురుషశక్తి వర్ధకములలో, చేర్చినది. నేయి, బెల్లము కలిపిన మినపసున్ని బలకరమను విశ్వాసమునకు ఇది అనుగుణముగా నున్నది. మరింత గమనింపదగినది నేలగుమ్మడి. విదారికందముగా ప్రసిద్ధమైన ఈ దుంపలో ప్యూరారిన్, డైడ్జీన్ అను ఐసోఫ్లేవోనులు నిజముగానే కలవు; అయినను శాస్త్రగ్రంథములు దీనిని సైతము వృష్యముగనే పేర్కొనుచున్నవి. ఇది హార్మోనుల కొలతకు సాక్ష్యము కాదుగాని, ఐసోఫ్లేవోనులు గల పదార్థము పౌరుషమును హరించునను భావన మన వైద్యసంప్రదాయమునుండి వచ్చినది కాదని మాత్రము తెలుపును.

పరిమాణమును బట్టి చూచినచో, డెల్టా వంటయింటిలో వృక్ష ఈస్ట్రోజెనులకు మూలాధారము పప్పు కాదు, నువ్వు. నాగులచవితి చిమ్మిలి, నువ్వులపొడి, పచ్చళ్లలోని నువ్వులనూనె ద్వారా సెసమిన్, సెసమోలిన్ అను లిగ్నానులు దేహమును చేరును. నువ్వులలో ఇవి 100 గ్రాములకు కొన్ని వందల మిల్లీగ్రాముల వరకు నుండవచ్చును. ప్రేగులలోని సూక్ష్మజీవులు వీనిలో కొంతభాగమును ఎంటరోలాక్టోనుగా మార్చును. దాని ఈస్ట్రోజెన్ శక్తి మిక్కిలి క్షీణము.

సోయా చిక్కుడు ఈ డెల్టాకు ముఖ్యమైన పంట కాదు. తెలుగు నేలపై దాని సాగు ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతములది. ఇచ్చటికి అది మీల్ మేకరుగను, సోయాపిండిగను, నూనెగను వచ్చును. శుద్ధిచేసిన సోయానూనెలో ఐసోఫ్లేవోనులు దాదాపు మిగులవు. నూనె తీసిన పిండితో చేయు మీల్ మేకరులో అవి నిలిచియుండును. 50 గ్రాముల పొడి మీల్ మేకరులో రమారమి 50 మొదలు 80 మిల్లీగ్రాములుండవచ్చునని అంచనా. జపానులో సంప్రదాయ భోజనము ద్వారా దినమునకు 25 మొదలు 50 మిల్లీగ్రాములు గ్రహింపబడుచుండునని గుర్తుంచుకొన్నచో, ఈ సంఖ్య అసాధారణమేమియు కాదు.

పురుషులపై ప్రయోగములు

2010లో హామిల్టన్-రీవ్స్ మున్నగువారు ప్రకటించిన సమీక్షలో, సోయా ప్రోటీనుగాని ఐసోఫ్లేవోనులుగాని తీసుకొన్న పురుషులలో టెస్టోస్టిరోన్, స్వేచ్ఛా టెస్టోస్టిరోన్, దానిని బంధించు ప్రోటీను, ఏవియు మార్పు చెందలేదని తేలినది. 2021 నాటి విస్తృత సమీక్ష 41 అధ్యయనములను పరిశీలించినది. 1,753 మంది పురుషుల టెస్టోస్టిరోన్ కొలతలను, 1,000 మంది ఈస్ట్రడయోల్ కొలతలను సమీకరించి అదే నిర్ణయమునకు వచ్చినది. ఈ రెండు సమీక్షల రచయితలలో ఒకరికి సోయా వ్యాపార సంబంధమైన పోషకాహార సంస్థతో అనుబంధము కలదని విమర్శకులు చూపుదురు. ఆక్షేపణ విస్మరింపదగినది కాదుగాని, సమీకరింపబడిన ప్రయోగములు పలు దేశములలో వేర్వేరు బృందములు చేసినవగుటచే నిర్ణయము నిలుచుననియే తోచుచున్నది.

2005లో 35 మంది యువకులపై జరిగిన ఒక ప్రయోగమున ఐసోఫ్లేవోనులు చాలవరకు తీసివేసిన సోయా ప్రోటీనువలన టెస్టోస్టిరోన్ స్వల్పముగా తగ్గగా, అవి అధికముగా నున్న ప్రోటీనువలన తగ్గలేదు. తగ్గుదల నిజమే యైనను, దోషము ఐసోఫ్లేవోనులది కాజాలదని దీనివలన ఊహింపనగును.

శుక్రకణముల విషయమున వృత్తాంతములు రెండు విధములు. 2001లో 14 మంది ఆరోగ్యవంతులు రెండు మాసములపాటు దినమునకు 40 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోనులు తీసుకొనగా ఏ మార్పును కానరాలేదు. 2008లో అమెరికాలో సంతానలేమికై చికిత్సకు వచ్చిన దంపతులలో 99 మంది పురుషులను పరిశీలింపగా, సోయా అధికముగా తినువారిలో శుక్రకణసాంద్రత మిల్లీలీటరునకు 4.1 కోట్లు తక్కువగా నుండెను. చలనము, ఆకృతి మాత్రము మారలేదు. రెండవది ప్రయోగము కాక పరిశీలన మాత్రమే యగుటచే మొదటిదానికి ఎక్కువ విలువ నీయవచ్చును, కాని అందు పాల్గొన్నవారు కొద్దిమందియే.

అపవాదములు

2008లో ప్రకటింపబడిన ఒక వృత్తాంతమున, దినమునకు సుమారు 3 లీటర్ల సోయాపాలు త్రాగిన 60 ఏండ్ల పురుషునకు స్తనవృద్ధి కలిగి, ఈస్ట్రోజెన్ హెచ్చెను. 2011లో 19 ఏండ్ల మధుమేహ రోగియగు ఒక యువకునకు టెస్టోస్టిరోన్ తగ్గి లైంగిక దౌర్బల్యము కలిగెను. ఇరువురును దినమునకు రమారమి 360 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోనులను గ్రహించినట్లు అంచనా. సోయా మానిన పిదప ఇరువురును కోలుకొనిరి. మీల్ మేకరుతో ఈ మాత్ర చేరవలెనన్న ప్రతిదినము సుమారు పావుకిలో పొడిసరకు తినవలసి యుండును.

సన్నిహిత విషయము: అతిమధురము

గొంతు నొప్పికి చప్పరించు అతిమధురమును కూడ వృక్ష ఈస్ట్రోజెనుల జాబితాలో చేర్చుట కలదు. 1999లో ఇటలీలో ఏడుగురు పురుషులకు దినమునకు 7 గ్రాముల చొప్పున ఈయగా టెస్టోస్టిరోన్ తగ్గెను. 2001లో వేరొక బృందమునకు గణనీయమైన తగ్గుదల కానరాలేదు. 2003లో మొదటి బృందమే 25 మందిపై మరల ప్రయోగించి తగ్గుదలను స్థిరపరచినట్లు ప్రకటించెను. ప్రభావము కొంత కలదనుటయే నేడు బలీయమైన పక్షము. అయితే ఇది ప్రధానముగా టెస్టోస్టిరోన్ తయారీలోని ఎంజైమును అడ్డుటవలన జరుగునని చెప్పబడుచున్నది. అధికమాత్రలో అతిమధురము రక్తపుపోటును హెచ్చించి పొటాషియమును తగ్గించుననుట మాత్రము నిర్వివాదము.

వైద్యదృష్టి

స్తనవృద్ధిగాని లైంగిక దౌర్బల్యముగాని గల పురుషునిలో మొదట విచారింపవలసినవి కాలేయవ్యాధి, మద్యపానము, స్థూలకాయము, థైరాయిడ్ దోషము, వృషణవ్యాధులు, స్పైరనోలాక్టోన్, కీటోకొనజోల్ మొదలగు మందులు. వీనిని పరిశీలించిన పిమ్మటనే ఆహారమును ప్రశ్నించుట యుక్తము. అట్లు ప్రశ్నించునపుడును పప్పు, ఇడ్లీ, సున్నుండలను విడిచి, సోయాపాలు, సోయాపొడి, ఐసోఫ్లేవోను మాత్రలు దినమునకు ఎంత సేవింపబడుచున్నవో అడిగి తెలిసికొనుట ప్రయోజనకరము.