న్యూరల్ స్టైల్ ట్రాన్స్‌ఫర్

ఫొటోలోని దృశ్యాన్ని అలాగే ఉంచి, దానికి ఒక చిత్రకారుడి రంగులనూ కుంచె తీరునూ అద్దే కంప్యూటర్ పద్ధతి. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో లియోన్ గాటిస్, అలెగ్జాండర్ ఎకర్, మతియాస్ బెట్గె 2015లో దీన్ని ప్రకటించారు. తమ ఊళ్లోనే నెకార్ నది ఒడ్డున బారులు తీరిన ఇళ్ల ఫొటో తీసుకుని, వాన్ గో 1889లో గీసిన ‘స్టారీ నైట్’ శైలిని దానికి ఎక్కించారు. ఇళ్ల కప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి; ఆకాశం మాత్రం వాన్ గో సుడులు తిరిగింది. అదే ఫొటోను టర్నర్, మంక్, పికాసో, కాండిన్‌స్కీ శైలుల్లోకీ మార్చారు.

బొమ్మల్లోని వస్తువులను గుర్తుపట్టడానికి తర్ఫీదు పొందిన వీజీజీ-19 అనే న్యూరల్ నెట్‌వర్క్ దీనికి ఆధారం. దాని పై పొరలు ఏ వస్తువు ఎక్కడుందో పట్టుకుంటాయి. శైలి కోసం మాత్రం వేర్వేరు పొరల్లో ఏ లక్షణం ఏ లక్షణంతో జతగా కనిపిస్తోందో లెక్కిస్తారు; అది బొమ్మలో ఎక్కడున్నదన్నది ఆ లెక్కలోకి రాదు. దృశ్యాన్నీ శైలినీ ఇలా విడదీయగలగడమే ఈ పద్ధతిలోని గొప్ప ఆలోచన. అర్థంలేని చుక్కలతో మొదలుపెట్టి, రెండు కొలతలూ కుదిరేదాకా పిక్సెళ్లను కొద్దికొద్దిగా సవరిస్తారు. శైలి పాలు మరీ పెంచితే ఇళ్లు రంగుల్లో కలిసిపోతాయి.

ప్రకృతి దృశ్యాలకు ఇది బాగా నప్పుతుంది. మబ్బు, నీరు, ఆకులు కాస్త వంకరపోయినా కన్ను ఒప్పుకుంటుంది. మనిషి ముఖం దగ్గర ఒప్పుకోదు.

మొదట్లో ఒక్కో బొమ్మకు చాలాసేపు పట్టేది. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక్కో శైలికి విడిగా నెట్‌వర్క్‌ను ముందే సిద్ధంచేసి ఆ పనిని క్షణాల్లోకి తెచ్చారు. అదే ఏడాది వచ్చిన ప్రిస్మా యాప్ దీన్ని మామూలు జనం ఫోన్లలోకి చేర్చింది.