మెట్టు: కాలి మాట, వేలి మాట

నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు, ఆయన చేతిలోని వాద్యాన్ని పత్రికలన్నీ ఒకే పేరుతో పరిచయం చేశాయి: పన్నెండు మెట్ల కిన్నెర. అంతకు ముందు ఏడాదే ‘భీమ్లానాయక్’ సినిమా పాట మొదట్లో ఆయన గొంతు తెలుగు దేశమంతా మోగింది. అప్పటి నుంచి కిన్నెర అంటే ఏమిటని అడిగినవాళ్లు చాలామంది, చెప్పినవాళ్లూ చాలామంది. మెట్టు అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. రోజూ ఎక్కి దిగే మాటే కదా, అడగడానికేముంది అనుకున్నాం. నాకు మాత్రం ఆ పేరులోని నడిమి మాట దగ్గరే మనసు ఆగిపోయింది.

మెట్టు అనగానే ఎక్కడం గుర్తొస్తుంది. తొలిమెట్టు, కోర్టు మెట్లెక్కడం, పంతం విడిచి ఒక మెట్టు దిగడం. మన పలుకుబళ్లన్నీ ఎత్తుకూ పల్లానికీ చెందినవే. సంగీత శాస్త్రం కూడా స్వరాల వరసను ఆరోహణ, అవరోహణ అంటుంది కాబట్టి, కిన్నెర మెట్టు కూడా స్వరం ఎక్కే మెట్టే అని తోచడం సహజం. నేను ఒప్పుకోను. వీణను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటారు. దాని మీద ఇరవై నాలుగు మెట్లుంటాయి, ఎక్కడానికి ఎత్తు మాత్రం ఎక్కడా లేదు. వాద్యం మీది మెట్టు పుట్టింది మేడ మెట్ల నుంచి కాదని, రెండూ అంతకంటే పాతదైన ఒక క్రియ నుంచి వచ్చాయని నా అభిప్రాయం.

ఆ క్రియ ‘మెట్టు’. అంటే అడుగు పెట్టడం, కాలు మోపడం, తొక్కడం. ఇప్పటి మాటల్లో అది విడిగా వినిపించదు. ఒక్క చోట మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది: మెట్టినిల్లు. ఆడపిల్ల పుట్టింది పుట్టినిల్లు, పెళ్లయ్యాక కాలు మోపింది మెట్టినిల్లు. కాలి వేలికి పెట్టే మెట్టెలదీ ఇదే కుదురు. తమిళంలో అవి మెట్టి. గద్వాలకు పొరుగున ఉన్న రాయచూరు సీమ కన్నడంలో మెట్టు అంటే అడుగు వేయడం, కాలికి తొడగడం. ఆ తొడుక్కునే చెప్పు పేరు కూడా మెట్టే. కాలు ఎక్కడ ఆనుతుందో అది మెట్టు, కాలికి ఏది ఆనుతుందో అదీ మెట్టు. మేడకు ఉన్నవి మెట్లయింది కూడా అవి ఎత్తుగా ఉన్నందుకు కాదు, ఒక్కొక్కటీ పాదం ఆనే చోటు అయినందుకు.

ఇక్కడ ఒక పక్కదారి తొక్కక తప్పదు. మెట్ట భూమి, మెట్ట పంట, మెట్ట వేదాంతం అంటున్నాం కదా, ఆ మెట్టకూ ఈ మెట్టుకూ చుట్టరికం ఉందా? చూపుకు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటిని రెండు వేరు పద్దుల కింద రాసింది. కాలు మోపే మెట్టుది ఒక కుటుంబం. ఎత్తు నేల అయిన మెట్టది మరో కుటుంబం. మిట్ట, మేడ ఆ రెండో కుటుంబం వాళ్లు. అంటే ‘మేడ మెట్లు’ అన్నప్పుడల్లా మనం వేర్వేరు వంశాల రెండు మాటలకు వియ్యం కలుపుతున్నామన్న మాట. నీళ్లెక్కని నేలను కోస్తాలో మెట్ట అంటే, పాలమూరు రైతు చెల్క అంటాడు. తరతరాలుగా వలస కూలీలను దేశం మీదికి పంపిన ఈ నేలకు మెట్ట అన్న పేరు ఎంత అతికినట్టున్నా, ఇక్కడి నోట వినిపించేది చెల్కే. పదచర్చ రాసేవాడు తన వాదానికి అనుకూలంగా ఉందని ఒక ఊరి మాటను ఇంకో ఊరికి అంటగట్టకూడదు.

మళ్లీ కిన్నెర దగ్గరికి వద్దాం. వెదురు దండె, గుల్ల చేసి ఎండబెట్టిన సొరకాయ బుర్రలు, తంతి, దండె మీద వరసగా మెట్లు. మెట్టు కదలకుండా నిలిపేది తేనె మైనం. ఒకప్పుడు మెట్లకు అలుగు పొలుసులు వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అలుగుకు పూర్తి రక్షణ ఉంది. రక్షణ ఉండవలసిందే. వీణ మెట్లను కూడా మైనం మీదే నిలుపుతారు. అడవి అంచు వాద్యానికీ ఆస్థాన వాద్యానికీ మైనం ఒకటే, మెట్టు అన్న మాటా ఒకటే. పన్నెండు మెట్లు అనగానే స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలు గుర్తొస్తాయి. లెక్క ముచ్చటగా సరిపోతుంది. అయినా ఆ సరిపోలికను సిద్ధాంతం చేసే ముందు వాయించేవాణ్ణి అడగాలి, ఏ మెట్టు మీద ఏ స్వరం పలికిస్తాడో కూర్చుని వినాలి.

కిన్నెర అన్న మాటకు పెద్ద చరిత్రే ఉంది, అయితే నా చూపు మెట్టు మీద కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సంస్కృతంలో కిన్నరులు దేవగాయకులు. పదమూడో శతాబ్దపు సంగీతరత్నాకరంలో శార్ఙ్గదేవుడు కిన్నరీ వీణల్లో లఘువు, బృహత్తు అన్న భేదాలు చెప్పాడు. అదే శతాబ్దంలో పాల్కురికి సోమన బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. కిన్నెర మీటి శివుణ్ణి కొలిచిన భక్తుడాయన, పేరులోనే వాద్యాన్ని మోసినవాడు. హీబ్రూలో ‘కిన్నోర్’ అనే తంతివాద్యం ఉంది, దావీదు రాజు మీటాడంటారు. రెంటికీ సంబంధం అంటగట్టాలన్న ఉబలాటం చాలామందికి కలిగింది. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు. మధ్య దారి చూపించే సాక్ష్యం కావాలి.

నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి. శార్ఙ్గదేవుడి శాస్త్రంలో వీణ మీది మెట్టు పేరు ‘సారిక’. శాస్త్రంలో ఆ మాట వందల ఏళ్లు నిలిచింది. తెలుగు వైణికుడు మాత్రం రోజువారీ మాటల్లో ‘మెట్టు’ అనే అన్నాడు, కిన్నెర మీటే డక్కలి కులపు కళాకారుడూ ‘మెట్టు’ అనే అన్నాడు. వాద్యానికి కిన్నెర అని సంస్కృతం పేరే నిలిచినా, వేలు ఆనే చోటుకు కాలి మాటే నిలిచింది. పేరు దూరం నుంచి రావచ్చు, పని మాట మాత్రం పని చేసే చోటే పుడుతుంది.

మెట్టుకు ఇంకో అర్థం కూడా ఉంది, దాన్ని మనం దాదాపు మరిచిపోయాం. మెట్టు అంటే పాట వరస. పాత పాటల పుస్తకాల్లో పాట పైన ‘ఫలానా పాట మెట్టు’ అని అచ్చు వేసేవారు. తెలిసిన ఆ పాట నడకలోనే దీన్నీ పాడుకోమని సూచన. తరువాత వరస, బాణీ, ట్యూన్ వచ్చి ఆ మాటను పక్కకు నెట్టాయి. తమిళ సినిమా సంగీతంలో మెట్టు ఇప్పటికీ వాడుక మాటే. కన్నడ యక్షగానంలో పాట వరసను మట్టు అంటారు. వాద్యం మీద వేలు ఆనే చోటు మెట్టు. వేలు ఏ వరసలో ఆనుకుంటూ పోతుందో ఆ దారి మొత్తం కూడా మెట్టే. అడుగుకూ నడకకూ ఒకే పేరన్న మాట.

ఇది మన భాషకే పుట్టిన వింత కాదు. పారసీకంలో ‘పర్దా’ అంటే తెర, వాద్యం మీది మెట్టు, రాగం కూడా. అరబ్బీలో ‘మకామ్’ అంటే నిలిచే చోటు. అరబ్బులకూ తురుష్కులకూ రాగానికి ఉన్న పేరు కూడా అదే. ఆ మకామే నిజాం ఏలుబడి కచేరీల్లోంచి, దండుల్లోంచి మన నోట ‘మకాం’ అయింది. కలెక్టరు మకాం వేశాడు, చుట్టం వచ్చి మకాం పెట్టాడు అంటాం. మంజిల్ నుంచి మజిలీ వచ్చింది. ప్రయాణంలో ఆగే చోటుకు మనం వాడే ఈ రెండు మాటల్లో మొదటిది, సగం ప్రపంచానికి, రాగం పేరు. నిలిచే చోటు రాగం పేరైంది వాళ్లకు, కాలు మోపే చోటు పాట పేరైంది మనకు. పాట దారి నడిచిందని, అక్కడక్కడ ఆగిందని, వేర్వేరు కుటుంబాల భాషలు ఒకేలా తలచాయి. ఈ సంగతి తట్టిన నాటి నుంచి నాకు హైదరాబాదు–కర్నూలు రహదారి వేరేగా కనిపిస్తోంది.

ఆ రహదారి కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగితే గద్వాల. ఇంకా ముందుకు పోయి ఎడమకు తిరిగితే తుంగభద్ర ఒడ్డున చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల అలంపురం. కొత్తకోట దగ్గర పక్కకు పోతే వనపర్తి, ఆ పైన తూర్పుకు నాగర్‌కర్నూలు, నల్లమల. కారులో పోయేవాళ్లు ఈ దారిలో ఆగేది టిఫినుకో, గద్వాల చీరకో, జోగులాంబ దర్శనానికో. పాట కోసం ఆగాలని ఎవరికీ తోచదు, సంగీతానికి పేరు మోసిన ఊరంటే తంజావూరో బొబ్బిలో విజయనగరమో అనుకుంటాం. గద్వాలకు పేరు లేక కాదు, అది వేరే పేరు. సంస్థానం పండితులను ఆదరించినందుకు ‘విద్వద్గద్వాల’ అన్నారు. తిరుపతి వేంకట కవులు గద్వాలలోనూ ఆత్మకూరులోనూ అవధానాలు చేసి సత్కారాలు అందుకున్నారు. ఇక్కడి ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను లెక్క చూపించాడు. ఆ సంచిక పట్ల నాకు గౌరవం ఉంది. అయితే అది రాసే కవుల లెక్క. ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్ల లెక్క ఇంకా రాయవలసే ఉంది.

ఆ తిరిగేవాళ్లలో డక్కలివాళ్లు ఒకరు. మాదిగలకు ఆశ్రితులు. మాదిగ వాడలకు వెళ్లి జాంబపురాణం చెబుతారు, కిన్నెర మీటుతూ పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడతారు. ఊరికి ఎడంగా మాదిగ వాడ ఉంటే, ఆ వాడకు కూడా ఎడంగా డక్కలి ఉండాలి. డక్కలివాళ్లను మాదిగలు తమ ఇళ్లలోకి రానివ్వని ఆచారం అంటరానితనం లోపలి అంటరానితనం. 1920లో ‘మూక్‌నాయక్’ మొదటి సంచికలో అంబేడ్కర్ ఈ సమాజాన్ని నిచ్చెన గానీ వాకిలి గానీ లేని అంతస్తుల బురుజు అన్నాడు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే పోవాలి. ఆ బురుజులో అందరికంటే అడుగున ఉంచిన మనిషి తన వాద్యానికి పన్నెండు మెట్లు కట్టుకున్నాడు.

ఈ మాట మీద నాకు పట్టు పెరిగింది ఇక్కడే. చెప్పు కుట్టే కులాన్ని ఆశ్రయించి బతికే పాటగాడి వాద్యం మీద, చెప్పు తొడగడానికీ అడుగు వేయడానికీ సొంతమైన మాట ఉంది. దీన్ని నేను వ్యుత్పత్తికి సాక్ష్యంగా చూపడం లేదు. వీణ మెట్టు కూడా మెట్టే కాబట్టి, ఈ పేరు డక్కలివాళ్లే పెట్టారని అనలేం. కానీ ఆ మాట అర్థమంతా ఉన్నది వాళ్ల బతుకులోనే. వాళ్ల పాట కాలినడకన బతికింది. ఊరు మెట్టితేనే పాట, పాట పాడితేనే గింజలు. కచేరీ హాలులో కూర్చుని ‘మెట్టు’ అన్నప్పుడు ఆ క్రియ వినిపించదు, ఊరూరా తిరిగే మనిషి నోట అంటే వినిపిస్తుంది.

పురస్కారాలు వచ్చాయి. మొగిలయ్య తరువాత 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మొగిలయ్య కూలి పనికి వెళ్తున్నారన్న వార్త కూడా చదివాం. పతకం ఇచ్చిన దేశం ఆ కళాకారుడికి నెల నెలా బతుకు గడిచే దారి చూపకపోవడం అన్యాయం, ఆ మాట మెత్తగా చెప్పడానికి వీలు లేదు. దాని పక్కనే నన్ను బాధించే చిన్న విషయం కూడా ఉంది. పత్రికలు కిన్నెర ఫోటో వేశాయి, పన్నెండు మెట్లని రాశాయి. దండెను, బుర్రను, బిరడను, తంతిని, ఒక్కొక్క మెట్టును వాయించేవాళ్లు ఏమని పిలుస్తారో రాయలేదు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు తెలంగాణ జానపద వాద్యాల మీద పని చేశారు. అది ఒకరిద్దరి పట్టుదల మీద నడిచే పని కాకూడదు.  పాలమూరు సీమలో జిల్లాకొక బడిపంతులు, జిల్లాకొక డిగ్రీ కాలేజీ తెలుగు శాఖ పూనుకున్నా ఒక ఏడాదిలో ఆ మాటలన్నీ కాగితం మీదికి వస్తాయి.

ఈ దారిన కారులో వెళ్లే పాఠకుణ్ణి అడిగేది ఒకటే. అలంపురం చూడండి, గద్వాల చీర కొనండి. ఒక పూట లింగాల వైపో, దామరగిద్ద వైపో మకాం పెట్టండి. కిన్నెర గానీ బుర్రవీణ గానీ పట్టిన మనిషి కనిపిస్తే ముందు పాట వినండి, పాటకు తగిన డబ్బు చేతిలో పెట్టండి. తరువాత, వారికి ఇష్టమైతే, వాద్యంలో ఏ భాగాన్ని ఏమంటారో అడిగి, వారు పలికినట్టే రాసుకోండి. మీకు తెలిసిన మాటతో దిద్దకండి.