పొద ఎత్తు ఎవరు కొలిచారు?

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఒకటి రెండేళ్ళలోనే ఒక ఉత్తరం వస్తుంది. "మీ ఇంటి ముందు పొదలు బాగా పెరిగిపోయాయి, గడ్డి అక్కడక్కడా ఎండిపోయింది, ఇన్ని రోజుల్లోగా సరిచెయ్యండి, లేదా జరిమానా" అని హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వారి తాఖీదు. అందుకున్నవాడు ముందు తిట్టుకుంటాడు, తరవాత శనివారం పొద్దున్నే వెళ్ళి కత్తెర కొనుక్కొస్తాడు. నా ఇల్లు, నా పొద, మధ్యలో వీళ్ళ పెత్తనమేమిటి అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. దానికి జవాబు కావాలంటే ఓ మూడున్నర వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ముందుగా ఒకటి ఒప్పుకుందాం. పొదలు కత్తిరించమనడంలో శాస్త్రం ఉంది. పొద విచ్చలవిడిగా పెరిగితే దాని నీడలో గడ్డికి ఎండ తగలదు, గాలి ఆడదు, రాత్రి మంచు తడి పొద్దెక్కినా ఆరదు. తడి ఆరకపోతే బూజు తెగుళ్ళు తయారు. పొదకీ ఇదే సూత్రం. పైన వెడల్పుగా, కింద సన్నగా కత్తిరిస్తే అడుగు కొమ్మలకి వెలుతురందక ఆకులు రాలి మోడవుతాయి. అందుకే తెలిసిన తోటమాలి పైన కాస్త సన్నగా, కింద వెడల్పుగా కత్తిరిస్తాడు. లైలాక్, ఫోర్సిథియా లాంటి వసంతంలో పూసేవాటిని పూలు వాడగానే కత్తిరించాలి. చలికాలం దాకా ఆగితే వచ్చే ఏడాది మొగ్గలు కూడా కత్తెరకే పోతాయి. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అల్లా "మీ పచ్చిక వీధిలో పోయేవాళ్ళందరికీ కనపడాలి" అనే దగ్గర. అది వృక్షశాస్త్రం కాదు, చరిత్ర.

1661లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కోసం ఆంద్రే లె నోత్ర్ వెర్సాయ్ తోటల పని మొదలుపెట్టాడు. చెట్లని శంకువులుగా, పిరమిడ్లుగా చెక్కించాడు. చెట్టు కూడా రాజుగారి మాట వినాల్సిందే అన్నమాట! ఇంగ్లండులోనూ ఈ పిచ్చి పాకింది. 1713లో కవి అలెగ్జాండర్ పోప్ ఈ చెట్టు బొమ్మల్ని వెక్కిరిస్తూ ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. ఆ తరవాత కేపబిలిటీ బ్రౌన్ (1716-1783) లాంటివాళ్ళు గోడలూ కంచెలూ తీసేసి కనుచూపు మేర పచ్చిక పరిచారు. గొర్రెలు బంగళా గుమ్మం దాకా రాకుండా "హా-హా" అనే కందకం తవ్వేవారు. కిటికీలోంచి చూస్తే అడ్డే కనపడదు. ఆ గడ్డిని గొర్రెలు మెయ్యాలి, లేదా పనివాళ్ళు పొడుగాటి కొడవళ్ళతో కొయ్యాలి. గింజ పండని నేలకి అంత చాకిరీ చేయించడమంటే, "మాకు ఈ నేల మీద పండించుకు తినాల్సిన గతి పట్టలేదు" అని చాటింపు వేయడమే.

ఆ హోదాని మధ్యతరగతి దాకా దింపినవాడు ఎడ్విన్ బడ్డింగ్. గ్లాస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ ఊరివాడు. అక్కడి మిల్లుల్లో ఉన్ని బట్ట మీద లేచిన నూగుని సమంగా కోసే యంత్రాన్ని చూసి, అదే పద్ధతి గడ్డికి ఎందుకు పనికిరాదు అనుకున్నాడు. 1830లో పేటెంట్ తీసుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే అచ్చంగా కోడ్ రీయూజ్!

ఇక అమెరికా. 1841లో ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ తోటల మీద రాసిన పుస్తకంతో ఇంగ్లీషు పచ్చిక అక్కడి ఇళ్ళకి ఆదర్శమైంది. 1869 ప్రాంతంలో షికాగో పక్కన రివర్‌సైడ్ ఊరికి ప్లాను గీసిన ఓమ్‌స్టెడ్, ప్రతి ఇల్లూ రోడ్డుకి 30 అడుగులు వెనక్కి ఉండాలన్నాడు. 1870లో ఫ్రాంక్ స్కాట్ ఇంకో అడుగు ముందుకేసి, మన ఇంటి ముందరి అందాన్ని పొదలు పెంచి పక్కవాళ్ళకి కనపడకుండా దాచడం క్రైస్తవ ధర్మం కాదని రాశాడు. చూశారా, పొద ఎత్తు నీతి సమస్య అయిపోయింది. అంతకుముందు పొద అంటే సరిహద్దు. ఇప్పుడు స్వార్థం.

ఆ నీతి నిబంధనగా మారి జనసామాన్యం మీదకొచ్చింది 1947లో, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో లెవిట్ కుటుంబం కట్టిన లెవిటౌన్‌తో. నాలుగైదేళ్ళలో 17 వేలకి పైగా ఇళ్ళు. ఏప్రిల్ 15 నుంచి నవంబర్ 15 దాకా వారానికోసారి గడ్డి కొయ్యాలి, కంచె కట్టకూడదు, ఇలా నియమాలు. ఆ ఊరి తొలి ఒప్పంద పత్రాల్లో ఇంకో నియమం కూడా ఉండేది. పనివాళ్ళుగా తప్ప, కాకేసియన్ జాతివాళ్ళు కానివాళ్ళెవరూ ఆ ఇళ్ళలో ఉండకూడదు!

ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా లెవిట్ నల్లవాళ్ళకి ఇళ్ళమ్మలేదు. 1957లో పెన్సిల్వేనియా లెవిటౌన్‌లో ఒక ఇంటి పాత యజమాని నుంచి కొనుక్కుని మైయర్స్ దంపతులు దిగితే రోజుల తరబడి గుంపులు చేరి గొడవ చేశాయి, ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఇళ్ళ అమ్మకాల్లో వివక్షని నిషేధించే చట్టం వచ్చేసరికి 1968 అయింది.

ఇది వాళ్ళ గొడవ, మనకేంటి అనుకోకండి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, మానవశాస్త్రం కాకేసియన్ అంటే అనొచ్చు గానీ మామూలు జనం దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడు, కాబట్టి పౌరసత్వం లేదు అని అదే సుప్రీంకోర్టు తేల్చింది. మనవాళ్ళు పెద్ద సంఖ్యలో వెళ్ళగలిగింది 1965 వలస చట్టం తరవాతే. అంటే ఆ పచ్చిక మొదట పరిచినప్పుడు మనల్ని దృష్టిలో పెట్టుకుని పరవలేదు.

పొద కత్తిరించమన్న ప్రతివాడూ జాత్యహంకారి అని నేననడం లేదు. ఒకే కాలంలో పుట్టిన రెండు నియమాల్లో ఒకటి చచ్చింది, రెండోది మిగిలింది, అంతే. మిగిలినదాన్ని మనం లెగసీ కోడ్ లాగా మోస్తున్నాం. ఎవరు రాశారో తెలీదు, ఎందుకు రాశారో తెలీదు, తీసేస్తే ఏం పగులుతుందో అని భయం. కమిటీల్లో ఇప్పుడు మనవాళ్ళూ ఉంటున్నారు. వాళ్ళూ అదే తాఖీదు పంపుతున్నారు.

ఖర్చు మాత్రం చిన్నది కాదు. 2005లో వెలువడిన ఉపగ్రహ చిత్రాల అధ్యయనం ప్రకారం అమెరికాలో పచ్చిక సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ అంత! అక్కడ నీరు పెట్టి పండించే మొక్కజొన్నకి దాదాపు మూడు రెట్లు. అందుకే లెక్కలు మారుతున్నాయి. 2021లో నెవాడా, ఇళ్ళ పెరళ్ళని వదిలేసి, ఎవరూ అడుగుపెట్టని అలంకారపు గడ్డికి కొలరాడో నది నీళ్ళు పెట్టడానికి 2026 ఆఖరుని గడువుగా పెట్టింది. అదే ఏడాది మేరీలాండ్, స్థానిక మొక్కల తోటలు పెంచుకునేవాళ్ళని గడ్డే పెంచమని అసోసియేషన్లు బలవంతపెట్టకుండా చట్టం చేసింది. అదీ ఒక జంట తమ అసోసియేషన్ మీద పోరాడిన ఫలితం.

కాబట్టి గడ్డికి ఎండ కావాలంటే పొద కత్తిరించండి, తప్పు లేదు. పక్కింటాయన ఏమనుకుంటాడో అని మాత్రం అక్కర్లేదు. అసోసియేషన్ వార్షిక సమావేశానికి మనవాళ్ళు వెళ్ళరు, వెళ్ళినా నోరు విప్పరు. ఈసారి వెళ్ళి, ఆ నిబంధన ఏ ఏడాదిదో, ఎందుకు పెట్టారో అడగండి. కారణం చెప్తే సరే. చెప్పలేకపోతే, దాన్ని మార్చడానికి ఎన్ని ఓట్లు కావాలో అదే కాగితాల్లో ఉంటుంది.